కొత్తగా పాడి పెట్టేవారికి: మాయ పడేదాకా దూడను ఆపకండి (అపోహలు - వాస్తవాలు)

పదేళ్లుగా మూడు గేదెలు, రెండు ఆవులతో పాడి చేస్తున్నాను. కొత్తవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఏ జాతి కొనాలి, దాణా ఎంత వేయాలి అని. ఈనిన రోజు ఏం చేయాలని అడిగేవాళ్లు తక్కువ. నేను దెబ్బతిన్నది ఆ రోజు దగ్గరే.

అపోహ: మాయ (ఈనాక కడుపులోంచి బయటపడే పొర) పడేదాకా దూడకు పాలు తాపకూడదు.

నా మొదటి గేదె రాత్రి తొమ్మిదింటికి ఈనింది. ముందే దూడను వదిలితే మాయ లోపలే ఉండిపోతుందని పెద్దవాళ్లు చెబితే ఆగాను. తెల్లారి ఏడింటికి మాయ పడ్డాక తాపాం. పన్నెండో రోజుకు ఆ పెయ్యదూడ తెల్ల పారుడుతో చనిపోయింది. ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది.

వాస్తవం: పశువుల్లో రోగాన్ని తట్టుకునే శక్తి తల్లి కడుపులో ఉండగా దూడకు అందదు, జున్నుపాలతోనే అందాలి. ఆ శక్తిని దూడ పేగులు పీల్చుకోవడం గంటగంటకూ తగ్గిపోతుంది, 24 గంటలు దాటితే దాదాపు ఆగిపోతుంది. అందుకే పొదుగు కడిగి, పుట్టిన గంటలోపే చీకనివ్వాలి. 30 కిలోల దూడకు మొదటి రోజు సుమారు 3 లీటర్లు, రెండు మూడు విడతలుగా అందాలి. దూడ చీకితే గర్భసంచి ముడుచుకుంటుంది కాబట్టి మాయ పడటానికి అది సాయమే. ఇరుగుపొరుగుకు జున్ను పంచాలని అందరికీ ఉంటుంది, కానీ దూడ తాగగా మిగిలినవే పంచండి.

12 గంటలైనా మాయ పడకపోతే డాక్టరును పిలవండి. సంచార పశువైద్యానికి 1962 నంబరు ఉంది. మాయకు రాయి కట్టడం, చేత్తో లాగడం వద్దు. అలా చేస్తే గర్భసంచి చీముపట్టి, పశువు మళ్లీ చూడి కట్టకపోవచ్చు.

అపోహ: పెళ్లిలో మిగిలిన అన్నం పశువుకు బలం.

దీనికి మంచి పశువులే బలవుతాయి. ఒక్కసారిగా బకెట్టు అన్నం తింటే పొట్టలో ఆమ్లం పెరిగి నెమరు ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లోనే పశువు పడిపోవచ్చు. పారేయడానికి మనసొప్పదు, నాకు తెలుసు. అయినా పెట్టకండి. మామూలు దాణా మార్చాలన్నా వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి. నీళ్లు లేక వాడిన లేత జొన్న చేలో కూడా మేపొద్దు, నాము (లేత జొన్నలో ఉండే విషం) తగులుతుంది.

అపోహ: గాలికుంటు టీకా వేస్తే పాలు పోతాయి.

ఒకటి రెండు రోజులు కాస్త తగ్గొచ్చు, మళ్లీ వస్తాయి. అసలు రోగమే వస్తే ఆ ఈతంతా పాలు దెబ్బతింటాయి. ఆరు నెలలకోసారి తప్పక వేయించండి.

అపోహ: ఈనేదాకా పిండితే లాభం.

ఈనడానికి రెండు నెలల ముందే పాలు ఆపేయాలి. పొదుగుకు ఆ విశ్రాంతి లేకపోతే వచ్చే ఈతలో పాలు తగ్గుతాయి.

పొదుగువాపును దిష్టి అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అది చన్ను రంధ్రం గుండా క్రిములు పోవడం వల్ల వచ్చేది. పాలు పిండాక ఆ రంధ్రం మూసుకోవడానికి అరగంట దాకా పడుతుంది. నేను దాణా పాలు తీసేటప్పుడు పెట్టినా, పచ్చిగడ్డి మాత్రం పిండటం అయ్యాకే వేస్తాను. అది తింటూ నిలబడి ఉంటే పొదుగు పేడలో ఆనదు.