ఊరికొచ్చిన డబ్బు ఊళ్లో ఎంత ఆగింది?

పిల్లలూ,

సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊరికి పర్యాటకులు పెరిగితే ఊరు బాగుపడిపోతుందని అందరూ అంటారు. ఎంతమంది వచ్చారో లెక్కపెట్టి సంబరపడతారు కూడా. నన్నడిగితే అది రెండో లెక్క. మొదట చూడాల్సింది వాళ్లు ఖర్చుపెట్టినదాంట్లో ఊళ్లో ఎంత ఆగిందన్నది.

కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒకాయన వచ్చి నూరు నాణేలు ఖర్చుపెట్టాడనుకుందాం. హోటలు ఓనరు ఎక్కడో నగరంలో ఉంటాడు. కూరగాయలు బయటినుంచి లారీలో దిగుతాయి. గది బుక్ చేసిన ఆన్‌లైన్ కంపెనీ తన కమిషన్ ముందే పట్టుకుంటుంది. అన్నీ పోగా ఊరికి దక్కింది 20. అందుకున్నవాళ్లు కూడా అందులో ఐదోవంతే ఊళ్లో ఖర్చుపెడితే 4, ఆ తర్వాత ఒకటి కంటే తక్కువ, అలా తగ్గుతూపోతుంది. మొత్తం కూడితే 25. అదే ప్రతిసారీ సగం ఊళ్లోనే ఆగితే? 50, 25, పన్నెండున్నర... అలా కూడుతూపోతే నూరు దగ్గరికి వస్తుంది. వచ్చిన మనిషి ఒక్కడే, ఊరికి దక్కింది మాత్రం నాలుగింతలు. చేపలు ఊరి పడవల దగ్గరే కొనడం, దుప్పట్లు ఉతికే పని ఊళ్లోవాళ్లకే ఇవ్వడం లాంటివి చిన్నవిగా కనిపిస్తాయి గానీ తేడా అక్కడే వస్తుంది.

ఇక సీజన్. ఊళ్లో 100 గదులున్నాయి. 90 రాత్రులు 90 గదులు నిండుతాయి, మిగతా 275 రాత్రులు పదే. ఏడాది మొత్తం చూస్తే నిండింది 30 శాతం లోపే. గది ఖాళీగా ఉన్నా బ్యాంకు వడ్డీ ఆగదు, ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టడమూ ఆగదు. ఆ 275 రాత్రుల్లో 10 బదులు 30 గదులు నింపగలిగితే కొత్తగా ఒక్క గోడా కట్టకుండానే లెక్క 45 శాతం దాకా వెళ్తుంది. సీజన్‌లో గదులు దొరకడం లేదని ఇంకో హోటలు కట్టడమే చాలా ఊళ్లు చేసే పొరపాటు.

నీళ్ల సంగతి కాస్త నిదానంగా చదవండి. తీరంలో నేల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రపు నీరు కొంచెం బరువు కాబట్టి, మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక మీటరు పైన ఉంటే కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే దొరుకుతుంది. బోర్లు ఆ ఒక్క మీటరూ తోడేస్తే ఉప్పునీరు మెల్లగా ఆ 40 మీటర్లూ పైకి ఎక్కుతుంది. ఒకసారి ఉప్పెక్కిన బోరులో మళ్లీ మంచినీరు రావడానికి ఏళ్లు పడుతుంది.

మురుగు ఇంకా చిక్కు. దాన్ని శుద్ధి చేసేది ప్లాంటులోని బ్యాక్టీరియా. 5,000 మంది ఉండే ఊరికి సీజన్‌లో 20,000 మంది చేరతారు. ప్లాంటు చిన్నదైతే మురుగు అలాగే సముద్రంలో కలుస్తుంది. పెద్దదిగా ఒకే తొట్టి కడితే మిగతా నెలల్లో తిండి చాలక బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అందుకే తొట్లు విడివిడిగా కట్టి, రెండోదాన్ని సీజన్‌కు కొన్ని వారాల ముందే నడపడం మొదలుపెట్టాలి. ఫిలిప్పీన్స్‌లోని బొరాకాయ్ దీవిని ఈ మురుగు గొడవతోనే 2018 ఏప్రిల్ 26 నుంచి ఆరు నెలలు మూసేశారు. తిరిగి తెరిచినప్పుడు రోజుకు 6,405 మందికి మించి రాకూడదని, ఏ రోజైనా దీవిలో 19,215 మందికి మించి పర్యాటకులు ఉండకూడదని హద్దు పెట్టారు. రెండో అంకెను మొదటిదానితో భాగించి చూడండి, సరిగ్గా మూడు వస్తుంది. అంటే మనిషికి మూడు రోజులు.

ఇళ్ల ధరలూ పెరుగుతాయి. ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్ అనే తీరపు ఊళ్లో 2016లో ఓటు పెట్టి, కొత్త ఇళ్లు ఏడాదంతా అక్కడే ఉండేవాళ్లకే అని తేల్చారు. దాంతో సెలవుల్లో ఉండడానికి ఇళ్లు కొనేవాళ్లు పాత ఇళ్ల మీద పడ్డారు!

న్యూజిలాండ్‌లోని కైకూరాలో అక్కడి మూలవాసులైన మావోరీలు 1987లో తిమింగలాలను చూపించే పడవలు మొదలుపెట్టారు. అక్కడ స్పెర్మ్ తిమింగలాలు ఏడాది పొడవునా కనిపిస్తాయి, కాబట్టి సీజన్ బాధ తక్కువ. ఓనర్లూ అక్కడివాళ్లే. అయినా 2016 నవంబరులో భూకంపం వచ్చి రేవులో నీటి కింది నేల పైకి లేచింది. పడవలు పోటు మీదున్నప్పుడే కదలగలిగేవి. తీరం వెంబడి ప్రధాన రహదారి తిరిగి తెరుచుకునేసరికి 2017 డిసెంబరు వచ్చింది. ఉన్న వలలన్నీ అమ్మేసి, పర్యాటకులను తిప్పడానికి పడవకు కుర్చీలు బిగించుకునే జాలరిని చూస్తే నాకు అదే గుర్తొస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య