బయటి కూలీలతో తిండి ధర పెరుగుతుందా? వడ్లు, మిర్చి లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు దించేటప్పుడు, పెద్దపల్లి వైపు రైస్‌మిల్లుల దగ్గర, కిరాణా కొట్టు ముందు ఒకే మాట తిరుగుతుంటుంది: "బీహారోళ్లు వచ్చి అన్నీ పిరమైనయ్". ఇంకోచోట దానికి తలకిందులు మాట: "మనోళ్లంతా గల్ఫ్ పోయిన్రు, అందుకే అన్నీ పిరమైనయ్". రెండూ ఒకేసారి నిజం కాలేవు. కూలీల రాకపోకలకూ తిండి ధరకూ సంబంధం ఉంది, కాదనడం లేదు. కానీ జనం అనుకునే చోట కాదు. ఆ లెక్క వరుసగా చూద్దాం. ఎకరా కూలి, దిగుబడి వంటివి ఊరూరికీ మారతాయి కాబట్టి వాటికి ఉదాహరణ అంకెలు తీసుకున్నాం. మీ ఊరి రేటు పెట్టి మళ్లీ కట్టుకోండి.

అపోహ: బయటి నుంచి వచ్చినవాళ్లు తినడం వల్లే బియ్యానికి గిరాకీ పెరిగి ధర ఎక్కుతోంది.

వాస్తవం: నాట్లకు వచ్చిన 12 మంది జట్టును తీసుకోండి. రోజుకు 3 ఎకరాల చొప్పున 25 రోజుల్లో 75 ఎకరాలు నాటుతారు. ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు అనుకుంటే 1,875 క్వింటాళ్లు. పచ్చి బియ్యానికి ప్రభుత్వ లెక్క నూటికి 67 కిలోలు కాబట్టి దాదాపు 1,256 క్వింటాళ్ల బియ్యం. ఆ 25 రోజుల్లో మనిషికి రోజుకు అరకిలో చొప్పున జట్టంతా తినేది క్వింటాలున్నర. అంటే వాళ్ల చేతుల మీదుగా నాటిన పొలంలో వచ్చే ప్రతి వెయ్యి కిలోల బియ్యానికి కిలోంబావు లోపే. పంట నాటుతోనే పండదు, నీళ్లు, ఎరువులు, రైతు చాకిరీ అన్నీ ఉన్నాయి. ఆ మాట ఒప్పుకున్నా, తినడం వల్ల ధర పెరిగిందనే వాదన ఈ లెక్క ముందు నిలబడదు.

అపోహ: రేషన్ షాపులో మన కోటా వాళ్లు ఎత్తుకుపోతున్నారు.

వాస్తవం: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మధ్య 2019 ఆగస్టులో ప్రయోగంగా మొదలైన రేషన్ పోర్టబిలిటీ (ఏ ఊరి షాపులోనైనా సరుకు తీసుకునే వీలు) ఇప్పుడు దేశమంతా ఉంది. వేరే రాష్ట్రం కార్డున్న మనిషి ఇక్కడ ఈ-పాస్ మీద వేలు పెట్టి తీసుకునేది జాతీయ ఆహార భద్రత చట్టం కింద తన కార్డుకు వచ్చే కోటానే. ఇక్కడ ఎంత తీసుకుంటే సొంతూరి షాపులో ఆ నెలకు అంత తగ్గుతుంది. మన కార్డులోంచి గింజ పోదు. మిల్లులు ఎక్కువున్న ఊళ్లలో నెలాఖరుకు ఒక షాపులో సరుకు నిండుకోవచ్చు. అది డీలర్‌కు వచ్చే స్టాకు చూసుకోవాల్సిన సంగతి, కూలివాడితో తగువు పడాల్సింది కాదు.

అపోహ: నాట్ల కూలి పెరిగితే ఆ ఏడే బియ్యం ధర అంతకంత పెరుగుతుంది.

వాస్తవం: నాటుకు ఎకరా గుత్త 5,000 రూపాయలు అనుకుందాం. 25 క్వింటాళ్ల మీద పంచితే క్వింటాలు వడ్లకు 200, కిలోకు 2 రూపాయలు. బియ్యంలోకి మారిస్తే కిలోకు సుమారు 3 రూపాయలు. గుత్త ఒక్కసారిగా 1,000 పెరిగితే కిలో బియ్యం మీద పడేది 60 పైసలు.

ఆ 60 పైసలు కూడా రైతు ఎవరి మీదా వేయలేడు. 2025-26 వానకాలం వడ్లకు క్వింటాలు మద్దతు ధర సాధారణ రకం 2,369, ఏ గ్రేడు 2,389 రూపాయలని కేంద్రం 2025 మే నెలలోనే చెప్పేసింది. అప్పటికి మన దగ్గర నారు కూడా పోయలేదు. జూలైలో గుత్త ఎంతకు తెగినా కొనుగోలు కేంద్రంలో కాంటా మీద ధర అదే. సన్నాలకు తెలంగాణ ప్రభుత్వం క్వింటాలుకు ఇచ్చే 500 బోనస్ కూడా నాటు ఖర్చు చూసి ఇచ్చేది కాదు. కాబట్టి పెరిగిన కూలి ముందుగా తగిలేది రైతు మిగులుకు. మద్దతు ధర లెక్కలో కూలి ఖర్చు ఉంటుంది. కానీ అది దేశమంతటి సగటు, పైగా ఆలస్యంగా చేరుతుంది. పట్నంలో బియ్యం బస్తా కొనేవాళ్లకు ఈ పెరుగుదల వేరుగా కనబడదు. పాత బియ్యం నిల్వ, ఎగుమతి నిబంధనలు, వానలు, వీటి ఊపు ముందు అది చిన్నది.

అపోహ: మిర్చి ఏరే కూలి ఎక్కువైంది, అందుకే కారం పిరమైంది.

వాస్తవం: కూలి బరువు నిజంగా ఎక్కువున్న పంట ఇదే. అందుకే కాస్త వివరంగా చూడాలి. వరి కోతకు హార్వెస్టర్ ఉంది. మిర్చి ఏరడానికి ఇప్పటికీ చేతులే. కాయలన్నీ ఒకేసారి పండవు, నాలుగైదు సార్లు ఏరాలి. ములుగు, భూపాలపల్లి తోటలకు ఫిబ్రవరి నుంచి ఛత్తీస్‌గఢ్ కుటుంబాలు గోదావరి దాటి వచ్చేది ఇందుకే.

ఒక మనిషి రోజుకు 50 కిలోల పండు మిర్చి ఏరిందనుకోండి. కల్లంలో ఎండితే నూటికి 25 నుంచి 30 కిలోలే మిగులుతాయి, కాబట్టి చేతికొచ్చేది 14 కిలోల దాకా. కైకిలి (రోజు కూలి) 400 అయితే కిలో ఎండు మిర్చికి ఏరుడు ఖర్చే 28 రూపాయల పైన. తేజ రకం కాయ సన్నం, అదే పొద్దులో తక్కువ బరువు ఏరతారు, ఖర్చు ఇంకా ఎక్కుతుంది. చపాట కాయ లావు, టమాటాలా గుండ్రం, చెయ్యి తొందరగా నిండుతుంది.

ఇప్పుడు కైకిలి 100 పెరిగిందనుకుందాం. కిలోకు 7 రూపాయలు. ఏడాదికి నాలుగు కిలోల కారం పట్టించుకునే ఇంటికి 28 రూపాయలు. అదే మార్కెట్‌లో క్వింటాలు 20,000 నుంచి 12,000కు పడిపోతే కిలోకు 80 రూపాయల తేడా. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ధర ఎటు పోతుందో కూలి చెప్పదు అనడానికి గత కొన్నేళ్ల మిర్చే సాక్ష్యం. 2021-22లో నల్ల తామర పురుగు పూతను పీల్చేసి తోటలకు తోటలు పోయాయి, సరుకు లేక ధర ఎక్కింది. 2025లో కోల్డ్ స్టోరేజీల్లో పాత నిల్వలు, ఎగుమతి గిరాకీ మందగించడం కలిసి ధర పడిపోయింది. కేంద్రం ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. ధర పడిందని ఏరే కూలి పడలేదు. అలాంటి ఏడు చివరి ఏరుడు ఖర్చు కూడా రాదని కొందరు కాయను చెట్టుకే వదిలేస్తారు. కూలితో రైతు నష్టపోయే తీరు ఇది. కారం కొనేవాళ్లకు అది కనబడదు.

కూలీలు సమయానికి రాకపోతే ఇంకో నష్టం. పండిన కాయ చెట్టు మీదే ఉండిపోయి రంగు పోయి తెల్లబారుతుంది, తాలు అవుతుంది. తాలు కుప్ప వేరు, ఎర్ర కుప్ప వేరు. అడ్తి దగ్గర తాలుకు పలికే ధర మంచి కాయతో పోల్చితే చాలా తక్కువ. పది రోజుల ఆలస్యం చేసే నష్టం వంద రూపాయల కైకిలి తేడా కంటే పెద్దది.

అపోహ: హమాలీలు పండక్కి ఊరెళ్తే నాలుగు రోజులు పని ఆగుతుంది, అంతకు మించి ఏమీ కాదు.

వాస్తవం: మా లెక్కలో వలస కూలీకీ తిండికీ అసలు ముడి ఇక్కడే ఉంది. కొనుగోలు కేంద్రంలో 40 కిలోల బస్తా తూకం అయ్యాక లారీ ఎక్కాలి, మిల్లులో దిగాలి. మిల్లులో దించేవాళ్లు ఎక్కువగా బీహార్ హమాలీలే. అక్కడ దింపుడు ఆగితే లారీ వాకిట్లోనే నిలబడుతుంది. ఆ లారీ రానందుకు కేంద్రంలో బస్తాలు కదలవు. బస్తాలు కదలనందుకు తరువాతి రైతు కుప్ప కాంటా ఎక్కదు. గొలుసంతా ఒక్క దగ్గర బిగుసుకుంటుంది. తేమ 17 శాతం లోపు ఆరబెట్టి ఉంచిన వడ్లు అప్పుడే వానకు తడుస్తాయి.

2025 అక్టోబరు చివర బీహారోళ్ల ఛఠ్ పండుగ అయిన మరునాడే మొంథా తుపాను వచ్చి వరంగల్‌ను ముంచింది. నవంబరు 6, 11 తేదీల్లో బీహార్ పోలింగ్, హమాలీలు ఊళ్లో ఉండిపోవడానికి అదో కారణం. మన కొనుగోళ్లు మొదలయ్యే రోజులు అవే. తడిసిన వడ్లు రెండు మూడు రోజులు కుప్పగా ఉంటే వేడెక్కి మొలకెత్తుతాయి, బియ్యం రంగు మారుతుంది, మిల్లు దగ్గర తరుగు పేరుతో కోత మొదలవుతుంది. ఛఠ్, హోళీ తేదీలు ఏడాది ముందే తెలుసు. కొనుగోలు కేంద్రం నడిపేవాళ్లు ఆ పది రోజులకు స్థానిక హమాలీ జట్టును ముందే మాట్లాడుకుని, టార్పాలిన్లు లెక్కేసి పెట్టుకుంటే ఈ నష్టంలో చాలా భాగం తప్పుతుంది.

2020 లాక్‌డౌన్‌లో ఇది అందరికీ తెలిసొచ్చింది. మే 1న లింగంపల్లి నుంచి వలస కూలీలతో జార్ఖండ్‌కు తొలి శ్రామిక్ రైలు వెళ్లింది. వారం తిరిగేసరికి, మే 8న, బీహార్‌లోని ఖగడియా నుంచి 222 మంది కూలీలు రైస్‌మిల్లుల పని కోసం అదే లింగంపల్లిలో దిగారు. యాసంగి వడ్లు కుప్పలు పడి ఉన్న రోజులవి.

అపోహ: మనోళ్లు గల్ఫ్ వెళ్లడం వల్లే కూలీలు దొరకడం లేదు.

వాస్తవం: జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి మగవాళ్లు దశాబ్దాలుగా వెళ్తూనే ఉన్నారు. కానీ నాట్లు ఎక్కువగా వేసేది ఆడవాళ్లు, వాళ్లు ఊళ్లోనే ఉన్నారు. మారింది వరి. తెలంగాణలో ప్రభుత్వం కొన్న వడ్లు 2014-15లో సుమారు 24 లక్షల టన్నులు, 2020-21లో సుమారు 141 లక్షల టన్నులు. కాలువ నీళ్లు ఒకేసారి వదిలితే ఊరంతా ఒకే 20 రోజుల్లో నాటాలి. ఉన్న చేతులు అంతకు సరిపోవు. ఆ 20 రోజుల్లో బయటి జట్టు వల్ల మన ఆడవాళ్ల పని పోదు. ముందూ వెనకా పని పలచగా ఉండే రోజుల్లో మాత్రం గుత్త రేటు చూపించి వాళ్ల కైకిలి తగ్గించమనేవాళ్లు ఉన్నారు. అది అన్యాయం, గట్టిగానే అడగాలి.

అపోహ: మనవాళ్లు ఎక్కువై అమెరికాలో సోనామసూరి ధర పెరిగింది.

వాస్తవం: 2023 జూలై 20న భారత్ బాస్మతీ కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపింది. అంతే, రోజుల్లోనే అక్కడి ఇండియన్ స్టోర్ల ముందు బారులు, ఇంటికి ఒక్క బస్తానే అనే షరతులు. ఒక్క వారంలో అక్కడి మనవాళ్ల సంఖ్య అంతగా పెరిగిపోదు. యూఏఈ కూడా జూలై 28 నుంచి నాలుగు నెలలు బియ్యం తిరుగు ఎగుమతి ఆపేసింది. మన నిషేధం 2024 సెప్టెంబరు 28న తొలగింది. అమెరికా పొలాల్లోనూ లెక్క ఇక్కడిలాగే ఉంటుంది: యంత్రంతో కోసే గోధుమ, మొక్కజొన్నల్లో వలస కూలీ ప్రభావం కొద్దిగా, చేత్తో తెంపే స్ట్రాబెర్రీల్లో ఎక్కువ.

అపోహ: గుత్త జట్టు తొందరగా నాటేస్తుంది, అంతా లాభమే.

వాస్తవం: ఎకరాల లెక్కన డబ్బులిస్తే ఎవరైనా పలచగా, తొందరగా నాటుతారు. అది బీహార్ గుణం కాదు, గుత్త గుణం. మూడు సెంటీమీటర్ల కంటే లోతుగా నాటితే పిలకలు తగ్గుతాయి. కాలిబాటలు వదలకపోతే సుడిదోమ చేరినప్పుడు మందు మొదలు దాకా అందదు. నారు కొనలు తుంచకపోతే కాండం తొలిచే పురుగు గుడ్లు నారుతోపాటే పొలంలోకి వస్తాయి. ఎకరాకు రెండు క్వింటాళ్లు తగ్గినా, నాటులో మిగిలిందనుకున్న దానికి మించి పోతుంది.

మేస్త్రీతో రేటు మాట్లాడేటప్పుడే నాలుగు మాటలు తేల్చుకోండి: ప్రతి రెండు మీటర్లకు తూర్పు పడమరగా 20 సెంటీమీటర్ల కాలిబాట, కుదురుకు రెండు మూడు మొక్కలు, నారు ముదిరితే నాలుగైదు, వానకాలం చదరపు మీటరుకు 33 కుదుళ్లు, యాసంగిలో 44, కొనలు తుంచిన నారు. భాష అడ్డమైతే మీటరు పొడవు కర్రలు నాలుగు కట్టి చదరం చేయండి. మొదటి మడి సగం కాగానే మూడు చోట్ల ఆ చదరం వేసి, మేస్త్రీని పక్కన నిలబెట్టుకుని కుదుళ్లు లెక్కపెట్టండి. ఇరవై రెండు, ఇరవై మూడే వస్తే అప్పుడే ఆపి దగ్గర చేయించాలి. మడి దాటాక చెప్పినా వెనక్కి వచ్చి నాటేవాళ్లు ఉండరు.