చిన్న టెలికాం కంపెనీల విలువ కట్టడం: విదేశీ మల్టిపుల్స్‌పై అపోహలు - వాస్తవాలు

స్టాక్ మార్కెట్లో నమోదు కాని చిన్న టెలికాం కంపెనీకి విలువ కట్టవలసి వచ్చినప్పుడు, దాని సొంత దేశంలో పోల్చదగిన సంస్థలు ఒకటో రెండో మాత్రమే ఉంటాయి కనుక, ఇతర దేశాల లిస్టెడ్ సంస్థల మల్టిపుల్స్‌ను, అంటే సంస్థ విలువ దాని లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకెలను, అరువు తెచ్చుకోక తప్పదు. అయితే ఆ అంకె వెంట ఆ దేశపు లెక్కల పద్ధతి, లైసెన్సు నిబంధనలు, కరెన్సీ కూడా వస్తాయి.

అపోహ: ఎబిటా (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం) ఏ దేశంలోనైనా ఒకటే.

వాస్తవం: 2019 జనవరి 1న అమల్లోకి వచ్చిన, లీజులపై అంతర్జాతీయ లెక్కల ప్రమాణమైన ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 ప్రకారం టవర్లు, స్థలాల అద్దెలో అధిక భాగం నిర్వహణ ఖర్చుల్లోంచి తప్పుకొని తరుగుదలగా, వడ్డీగా కనిపిస్తుంది. అమెరికా ప్రమాణాల్లో ఆపరేటింగ్ లీజు అద్దె ఇప్పటికీ నిర్వహణ ఖర్చే. అద్దె తీయకముందు 100 మిగిలి, అందులో 20 అద్దెకు పోయే కంపెనీని తీసుకుందాం. మొదటి పద్ధతిలో దాని ఎబిటా 100, రెండో పద్ధతిలో 80. అమెరికా సంస్థల నుంచి తెచ్చిన 7 రెట్లను 80కి వర్తింపజేస్తే 560, పొరపాటున 100కి వర్తింపజేస్తే 700 వస్తుంది. లీజు బాకీని (ఇకముందు కట్టవలసిన అద్దెల నేటి విలువను) అప్పుగా మినహాయించకపోతే ఆ తేడా 140 అంతా లేని విలువే. కొనుగోలుదారు మాత్రం దానికి అసలు సిసలు డబ్బు చెల్లిస్తాడు. అన్ని సంస్థల ఎబిటానూ అద్దె పోగా లెక్కించి, అప్పులోంచి లీజు బాకీని తప్పించి పోల్చడమే సరైన పద్ధతి. టవర్లు అమ్మేసి, వాటినే అద్దెకు తీసుకున్న కంపెనీ విషయంలో ఈ సవరణ లేని నివేదికను నేను లెక్కలోకి తీసుకోను.

అపోహ: ఒక్కో చందాదారుకు ఇంత అని ధర కడితే చాలు.

వాస్తవం: ప్రీపెయిడ్ మార్కెట్లలో ఒకే మనిషి రెండు మూడు సిమ్‌లు వాడతాడు, ఎన్ని రోజుల వాడకాన్ని బట్టి సిమ్‌ను 'యాక్టివ్' అంటారన్నది కంపెనీకో రకంగా ఉంటుంది కనుక, చందాదారుల సంఖ్యలను నేరుగా పోల్చలేం.

అపోహ: మల్టిపుల్‌కు కరెన్సీ ఉండదు కనుక సరిహద్దులు దానికి అడ్డు కావు.

వాస్తవం: మల్టిపుల్‌లో ఆ దేశపు వడ్డీ రేటు, ద్రవ్యోల్బణం, మారకపు రిస్క్ ఇమిడే ఉంటాయి. 2023 జూన్‌లో నైజీరియా తన నైరా మారకపు రేటును మార్కెట్‌కు వదిలేశాక, టవర్ల లీజులో కొంత భాగం డాలర్‌తో ముడిపడి ఉన్న అక్కడి టెలికాం సంస్థ ఎంటీఎన్ నైజీరియా, ఆదాయం బాగా పెరిగినా ఆ ఏడాది నష్టం చూపింది. ఆదాయం ఏ కరెన్సీలో వస్తోంది, అద్దె, పరికరాల బిల్లు ఏ కరెన్సీలో పోతున్నాయి అన్నది మల్టిపుల్ కన్నా ముందే తేల్చుకోవాలి.

అపోహ: చిన్న కంపెనీ కాబట్టి సగటు మల్టిపుల్‌లో కొంత శాతం కోసేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఆ కోత దేనికన్నది చెప్పగలగాలి. భారత్‌లో వేలంలో కొన్న స్పెక్ట్రమ్ గడువు 20 ఏళ్లు; 2021 సంస్కరణల్లో దాన్ని 30 ఏళ్లకు పెంచుతామని ప్రకటించినా, 2022, 2024 వేలాల్లోనూ 20 ఏళ్లకే ఇచ్చారు. బ్రిటన్‌లో జాతీయ మొబైల్ లైసెన్సుల్లో చాలావాటికి ముగింపు తేదీయే లేదు. ఆరేళ్లలో లైసెన్సు ముగిసే చిన్న ఆపరేటర్‌కు, పునరుద్ధరణ రుసుమును విడిగా లెక్కించి తీసివేయకుండా బ్రిటిష్ సంస్థల మల్టిపుల్ అంటగడితే, ఎంత శాతం కోసినా ఆ లెక్కకు ఆధారం ఉండదు.