టమాటాకి కర్ర కట్టడం: అపోహలు, వాస్తవాలు

మిద్దెతోటలకి నారు పెంచి ఇవ్వడం, తర్వాత వెళ్ళి మొక్క ఎలా ఉందో చూసి చెప్పడం నా పని. చలికాలం మొదలైందంటే ఎక్కువ ఫోన్లు టమాటా గురించే, అందులో ఊతం గురించి చెప్పిందే మళ్ళీ చెప్పాల్సి వస్తోంది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: కాయలు పడి కొమ్మ వంగినప్పుడు కర్ర కడితే సరిపోతుంది.

వాస్తవం: అప్పటికే లేట్ అండి. ఆపాటికి వేర్లు గ్రో బ్యాగ్ (మొక్క పెంచే సంచి) అంతా అల్లుకుపోయి ఉంటాయి, అందులో కర్ర గుచ్చితే తెగిపోతాయి, మొక్క వడలిపోతుంది, మనమేమో నీళ్ళు చాల్లేదనుకుని ఇంకో రెండు మగ్గులు పోస్తాం. నారు నాటిన రోజే కాండానికి నాలుగు వేళ్ళ దూరంలో పాతేయండి.

అపోహ: ఏ టమాటాకైనా ఆరడుగుల కర్ర ఉండాలి.

వాస్తవం: ముందు రకం చూడండి, తర్వాతే కర్ర కొనండి. పీకేఎం-1 లాంటివి పొట్టి రకాలు, కొంత పెరిగి ఆగిపోతాయి, మూడడుగులు చాలు. పూసా రూబీ, చెర్రీ టమాటాల్లో చాలావరకు సాగుతూనే ఉంటాయి, వాటికి ఐదారడుగులు కావాలి. ప్యాకెట్ మీద డిటర్మినేట్ అని ఉంటే పొట్టిది, ఇన్‌డిటర్మినేట్ అని ఉంటే సాగేది.

అపోహ: పక్క కొమ్మలన్నీ గిల్లేస్తే కాపు పెరుగుతుంది.

వాస్తవం: దీనివల్ల జరిగినంత నష్టం ఇంక దేనివల్లా జరగట్లేదు. పొట్టి రకాల్లో ఎక్కువ కాయలు వచ్చేదే ఆ పక్క కొమ్మల మీద, అవి తీసేస్తే ఇంక కాపేముంటుంది? సాగే రకాల్లో ఒకటో రెండో కొమ్మలు ఉంచి మిగతావి లేతగా ఉన్నప్పుడే గిల్లితే గాలి ఆడుతుంది, కట్టడం తేలిక, కాయ సైజు కూడా వస్తుంది, కానీ చెట్టుకి మొత్తం కాయల లెక్క తగ్గుతుంది, అది తెలిసే చెయ్యండి. ఫిబ్రవరి దాటాక మాత్రం ఆకులు పెద్దగా తియ్యకండి. మన ఎండకి నీడలేని కాయ మీద తెల్లగా, కాగితంలా ఎండిన మచ్చ పడుతుంది, తర్వాత అక్కడే కుళ్ళు మొదలవుతుంది.

అపోహ: కదలకుండా బిగించి కట్టాలి.

వాస్తవం: కాండం లావెక్కుతుంది, ముడి లావెక్కదు కదా. సన్న నైలాన్ దారం, ఇనప తీగ అస్సలు వద్దు, కోసేస్తాయి. పాత కాటన్ చీర పేలికలు, లేదంటే పురికొస తీసుకుని 8 అంకెలా తిప్పండి, కర్ర వైపు గట్టి ముడి, కాండం వైపు వేలు దూరేంత ఖాళీ. ఆకు తొడిమ కింద కట్టాలి, పూలగుత్తి కింద కడితే బరువుకి గుత్తే విరుగుతుంది. ఇంకోటి, బీర, దొండలకి ఉన్నట్టు దీనికి నులితీగలు ఉండవు, దానంతట అది పాకదు, పెరిగేకొద్దీ జానెడుకో కట్టు మీరే వెయ్యాలి.

అపోహ: ఊతం ఉంటే తెగుళ్ళు రావు.

వాస్తవం: కొన్ని తగ్గుతాయి, అంతే. ఆకుమాడు తెగులు మట్టిలోనూ రాలిన ఆకుల్లోనూ ఉండి నీళ్ళు చిందినప్పుడు కింది ఆకులకి ఎక్కుతుంది, అందుకే మొక్కని పైకి లేపి, మట్టికి తగిలే ఆకులు తీసేసి, మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిస్తే చాలా తేడా ఉంటుంది. ఆకుముడత అలా కాదు, అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. కాయ అడుగు నల్లబడటానికీ కర్రకీ సంబంధమే లేదు, ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచేస్తే కాయకి కాల్షియం సరిగ్గా అందదు.

అపోహ: పొలంలో కట్టినట్టే మిద్దె మీదా కట్టొచ్చు.

వాస్తవం: మదనపల్లె వైపు తోటల్లో వరస పొడుగునా కర్రలు పాతి, తీగ లాగి, మొక్కని పురికొసతో దానికి కడతారు, ఎంతో బాగుంటుంది, కానీ అక్కడ కర్రని పట్టుకునేది నేల. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువున్న బ్యాగ్‌లో ఒంటి కర్ర నిలబడదు, గాలొస్తే మొక్కతో సహా పడిపోతుంది. మూడు వెదురు కర్రలు బ్యాగ్ అంచుల్లో దించి పైన కలిపి కట్టండి, లేదా పందిరి రాడ్ ఉంటే దాన్నుంచి తాడు దించి కాండాన్ని దానికి చుట్టుకుంటూ పోండి. కోస్తాలో ఉన్నవాళ్ళు అక్టోబర్, నవంబర్ తుఫాన్ల ముందు బ్యాగులు పిట్టగోడ పక్కకి జరిపి, కర్ర పై కొసని దేనికైనా ఒక కట్టు కట్టి ఉంచండి.