గ్యాస్ వాసన వస్తే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలా? హోటల్ వంటగదుల్లో అపోహలు - వాస్తవాలు

హోటళ్లకు గ్యాస్ లైన్లు వేయడం, ఉన్నవాటిని చెక్ చేయడం నా పని. ఏ వంటగదికి వెళ్లినా "గ్యాస్ లీకైతే ఏం చేస్తారు?" అని అడుగుతాను. మాస్టర్ నుంచి ఓనర్ దాకా ఒకటే జవాబు: "ఎగ్జాస్ట్ వేస్తామండీ, పైకి లాగేస్తుంది."

ప్రాణాలు తీసేది ఈ అపోహే. ఎల్పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్. రెండూ గాలి కంటే బరువు. పొగలా పైకి పోవు, నీళ్లలా పల్లం వెతుక్కుంటూ పొయ్యి కిందికి, డ్రైనేజీలోకి, మెట్ల కిందికి చేరతాయి. గాలిలో సుమారు 2 శాతం కలిస్తే చాలు, అంటుకోవడానికి ఒక నిప్పురవ్వ సరిపోతుంది, ఆ రవ్వ ఫ్యాన్ స్విచ్ లోపలే పుడుతుంది. స్విచ్ వేసినా పుడుతుంది, ఆపినా పుడుతుంది. అందుకే తిరుగుతున్న ఫ్యాన్‌ని తిరగనివ్వండి, ఆగి ఉన్నదాన్ని ముట్టుకోకండి.

కూకట్‌పల్లి వైపు ఒక టిఫిన్ సెంటర్ వాళ్లు స్థలం చాలక సిలిండర్లన్నీ సెల్లార్‌లో పెట్టారు. తెల్లవారుజామున ఇడ్లీ పెట్టడానికి వచ్చిన మాస్టర్ వాసన తగలగానే లైటు కూడా వేయకుండా బయటికొచ్చి నాకు ఫోన్ చేశాడు. మెయిన్ ఆఫ్ చేద్దామంటే మీటర్ బోర్డు కూడా ఆ సెల్లార్‌లోనే ఉంది! ఎవర్నీ దిగనివ్వొద్దని చెప్పి ఫైర్ వాళ్లని పిలిపించాను. అంతా సర్దుకున్నాక సబ్బునీళ్లు పూసి చూస్తే ఒక నట్టు దగ్గర బుడగలు లేచాయి, లోపల రబ్బరు వాషర్ ఎండి పగిలిపోయింది. ఎంత మంచి వాషర్ వేసినా సరే, సెల్లార్‌లో సిలిండర్లు పెట్టకూడదు. లీకైన గ్యాస్‌కి బయటికి పోయే దారి ఉండదు.

వాసన వస్తే మంటలన్నీ ఆర్పండి, చేతికి అందితే వాల్వ్ మూయండి, తలుపులు తీయండి, అందరూ బయటికి రండి, ఫోన్ బయటికొచ్చాకే. ఎల్పీజీ లీకుల కోసం 1906 ఉంది.

మిగతావి త్వరగా చెప్తాను. "అడుగున గ్యాస్ మిగిలింది" అని సిలిండర్‌ని పడుకోబెడతారు, వేడినీళ్లు పోస్తారు. పడుకోబెడితే ద్రవమే లైన్లోకి వస్తుంది, అది గ్యాస్‌గా మారితే సుమారు 250 రెట్లు పెరుగుతుంది, మంట మనిషి మీదికి ఎగుస్తుంది. అసలు తప్పు ఒక్క సిలిండర్‌తో మూడు భట్టీలు లాగడం. లోపలి ద్రవం చల్లబడి ప్రెషర్ పడిపోతుంది, సిలిండర్ మీద మంచు కడుతుంది. ఇంకో సిలిండర్ కలపండి, అంతే. అగ్గిపుల్ల గీసి లీకు వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకి ఏం చెప్పాలో నాకు తోచదు. ఇక సిలిండర్ మీద C-27 అంటే ఎక్స్‌పైరీ కాదు, 2027 జూలై-సెప్టెంబర్‌లో టెస్టుకి పంపాలని. ఆ తేదీ దాటగానే పేలదు, కానీ దాటిన సిలిండర్‌ని దించుకోకండి.

హాస్టల్ మెస్సుల్లో పనిచేసే అక్కలు కాస్త వాసన వచ్చినా పేలిపోతుందని వణికిపోతారు. అక్కా, గ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు, అంటుకునే మోతాదుకు చాలా ముందే తెలియాలని కలిపిన వాసన అది. అంటే బయటికి నడవడానికి మీకు టైముంది. ఓనర్లకు ఒక్క మాట: మెయిన్ వాల్వ్ ఎక్కడుందో, ఎటు తిప్పితే మూసుకుంటుందో మీ వంటవాళ్ల చేతే తిప్పించి చూపించండి, ఐదు నిమిషాల పని.