ఆ చొక్కాకు బొత్తాలెందుకు లేవంటే

డెన్వర్, అమెరికా

చిరంజీవులు చరణ్, లాస్యలకు తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, అమ్మమ్మా, మీ పెద్దమ్మ వాళ్లూ అందరం బాగున్నాం. చలి మాత్రం ఎక్కువగానే ఉంది. మీ చీరాలలో ఉప్పుగాలికి తలుపులు తీసి పడుకునేవాణ్ణి, ఇక్కడ కిటికీ తెరవాలన్నా ఆలోచించాల్సి వస్తోంది.

మొన్న వీడియో కాల్‌లో నా చొక్కా చూసి "తాతయ్యా, కౌబాయ్ చొక్కా వేశావేంటి?" అన్నాడు చరణ్. లాస్య ఇంకా దగ్గరగా చూసి "ఆ జేబులు నవ్వుతున్నాయి" అంది. తల్లీ, నువ్వన్నది అక్షరాలా నిజం. ఆ జేబు పేరే స్మైల్ పాకెట్. తర్వాత మీరిద్దరూ బొత్తాలేవి, భుజం మీద ఆ మొనలేంటి, గుడ్డ అంత మెరుస్తోందేంటి అని వరసగా అడిగారు. ఇవి ఫోన్‌లో చెప్పేవి కావు. నలభై ఏళ్లు మిషన్ ముందు కూర్చున్నవాణ్ణి, ఒక చొక్కా గురించి అడిగితే లోపలి వైపు తిప్పకుండా చెప్పలేను. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఈ చొక్కా నేను పాత బట్టలమ్మే కొట్లో కొన్నాను. ఇంటికి తెచ్చి ఉతికి, టేబుల్ మీద పరిచి, కళ్లద్దాలు పెట్టుకుని ఒక పూటంతా చూశాను.

ముందు భుజాలు. మామూలు చొక్కాకు వీపు పైభాగంలో అడ్డంగా రెండు పొరల పట్టీ ఉంటుంది, దాన్ని యోక్ అంటాం. చొక్కా బరువంతా దాని మీదే వేలాడుతుంది. ఈ వెస్టర్న్ చొక్కాలో, అంటే కౌబాయ్ చొక్కాలో, ఆ యోక్ ముందు వైపుకీ దిగుతుంది. ఛాతీ మీద చెరో పక్క ఒక మొన, వీపు మీద రెండు మొనలు. భుజం దగ్గర గుడ్డ రెండు పొరలు కావడంతో ఎండకీ, రాపిడికీ త్వరగా చిరగదు. పొద్దస్తమానం గుర్రం మీద ఉండి, తాడు విసిరి పశువుల్ని పట్టేవాళ్ల చొక్కా ముందు చిరిగేది అక్కడే కదా. మొన మాత్రం అందం కోసం పెట్టిందే. ఆ మొన మనిషి నడుము సన్నగా, భుజాలు వెడల్పుగా కనిపించేలా చేస్తుంది.

లాస్యా, నువ్వు కుట్టు నేర్చుకుంటున్నావు కాబట్టి నీకో మాట. బయటికి పొడుచుకొచ్చే మొన కుట్టడం కష్టం కాదు. వీపు మీద రెండు మొనల మధ్య లోపలికి వెళ్లే మూల ఉంటుందే, పనితనమంతా అక్కడే. లోపలికి మడిచే అంచును ఆ మూల దాకా కత్తెరతో చీల్చాలి. ఒక దారం తక్కువ చీలిస్తే మూల ముడత పడుతుంది, ఒక దారం ఎక్కువ చీలిస్తే ఉతికినప్పుడు పీచు బయటికొస్తుంది. ఈ చొక్కా కుట్టినవాళ్లు సరిగ్గా కుట్టు ముందు ఒక్క దారం మిగిల్చి ఆగారు. ఎవరో, ఎక్కడివాళ్లో తెలియదు. ఆ చేతికి దణ్ణం పెట్టుకున్నాను.

ఇక బొత్తాలు. చరణూ, దీనికి కాజాలూ లేవు, కుట్టే బొత్తాలూ లేవు. అన్నీ టిచ్ బటన్లే. అమ్మమ్మ జాకెట్టుకీ, చిన్నపిల్లల గౌన్లకీ వేస్తాం చూడు, ఆ జాతివే. ఇలా నొక్కి బిగించే బటన్‌కు 1885లో జర్మనీలో హెరిబర్ట్ బావర్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. అది చొక్కా ముందు భాగానికి ఎక్కి, కౌబాయ్‌ల గుర్తుగా మారడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఆ కథ జరిగింది నేనిప్పుడున్న ఈ ఊళ్లోనే.

ఇక్కడ వాజీ స్ట్రీట్‌లో రాక్‌మౌంట్ అనే చొక్కాల కంపెనీ ఉంది. ఎర్ర ఇటుకల పాత భవనం. 1946లో జాక్ వీల్ అనే ఆయన మొదలుపెట్టాడు. టిచ్ బటన్ల వెస్టర్న్ చొక్కాను అందరికీ అందేలా తయారుచేసి అమ్మిన ఘనత ఆయనకే ఇస్తారు. ఆయన లెక్క ఏంటంటే, గుర్రం మీద ఉన్నవాడి చొక్కా జీను కొమ్ముకో ముళ్లకంపకో తగులుకుంటే మామూలు బొత్తం విడిపోదు, గుడ్డ చిరుగుతుంది, లేకపోతే మనిషే కిందికి లాగబడతాడు. టిచ్ బటనైతే టప్పున విడిపోతుంది. పైగా ఊరికి దూరంగా పశువుల దగ్గరుండేవాడు ఊడిన బొత్తాన్ని సూది దారం పట్టుకుని ఎక్కడ కుట్టుకుంటాడు? వీల్‌గారు నూరేళ్లు దాటాక కూడా ఆఫీసుకు వచ్చి కూర్చునేవారట. 2008లో, 107 ఏళ్ల వయసులో పోయారు. ఆ భవనం ముందు నిలబడినప్పుడు నాకు మన కొట్టు గుర్తొచ్చింది.

టిచ్ బటన్‌కు నాలుగు ముక్కలుంటాయి. పైన ముత్యంలా మెరిసే మూత, దాని అంచు రింగుకు లోపల సన్నటి పళ్లు. ఆ పళ్లు గుడ్డలో గుచ్చుకుని అవతలి పక్కనున్న గిన్నెలాంటి ముక్కను పట్టుకుంటాయి. రెండో పట్టీ మీద బుడిపె, దాని వెనక మళ్లీ పళ్ల రింగు. బుడిపె వెళ్లి గిన్నెలో కూర్చుంటుంది. అంటే ఈ బటన్‌ను పట్టుకుని ఉండేది దారం కాదు, గుడ్డే. గుడ్డ పలచనైతే ఊడివస్తుంది. నేను పని కొత్తలో ఈ తప్పు చేశాను. పలచటి వాయిల్ గౌనుకు లోపల ఏ పొరా వేయకుండా టిచ్ బటన్లు కొట్టాను. వారం తిరక్కుండానే ఆ తల్లి గౌను పట్టుకొచ్చింది, బటన్ ఉన్నచోట గుండ్రటి చిరుగు. గుడ్డ డబ్బులు నేనే ఇచ్చుకున్నాను. ఈ చొక్కా బటన్ పట్టీ లోపల తడిమి చూస్తే మధ్యలో గట్టి పొర తగులుతోంది. పాతదైనా ఒక్క బటన్ కదల్లేదు.

మీరు ఎప్పుడైనా ఇలాంటిది వేసుకుంటే రెండు పట్టీలూ పట్టుకుని బర్రుమని లాగకండి, బటన్ పక్కనే వేళ్లు పెట్టి విప్పండి. ఇస్త్రీ పెట్టె మూత మీద ఆనించకండి, ఆ ముత్యం చాలావరకు ప్లాస్టిక్కే.

ఇప్పుడు నవ్వే జేబు. ఇది గుడ్డ పైన అతికించిన జేబు కాదు. ఛాతీ మీద గుడ్డను నెలవంకలా కోసి, ఆ చీలికకు సన్నటి అంచు కుట్టి, సంచిని లోపల వేలాడదీస్తారు. తిన్నటి చీలికకు అంచు కుట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు. వంపుకు కుట్టాలంటే అంచు గుడ్డను క్రాస్‌లో, అంటే నిలువు దారానికీ అడ్డ దారానికీ మధ్య ఏటవాలుగా కత్తిరించాలి. అలా కోసిన గుడ్డే సాగి వంపు తిరుగుతుంది. లాస్యా, నీ రుమాలు ఒకటి తీసుకుని నిలువుగా లాగి చూడు, తర్వాత మూలా మూలా పట్టుకుని లాగి చూడు, నీకే తెలుస్తుంది. చేయి పెట్టి తీస్తుంటే చీలిక రెండు చివర్లా గుడ్డ చిరగడం మొదలవుతుంది కాబట్టి అక్కడ దగ్గర దగ్గరగా దారం వేసి బాణం మొనలాంటి చిన్న త్రికోణం కుడతారు. చూసేవాళ్లకు అది పువ్వులాంటి అలంకారం. నాకు మాత్రం ఎంబ్రాయిడరీ వేషం వేసుకున్న టాకాలా కనిపించింది.

ఇంకో రకం జేబుకు మూత ఉంటుంది. ఆ మూత రంపపు పళ్లలా రెండు మొనలుగా దిగుతుంది, రెండు మొనలకూ చెరో టిచ్ బటన్. దాన్ని సాటూత్ అంటారు. రాక్‌మౌంట్ వాళ్లు డైమండ్ ఆకారం బటన్లతో వేసేది అదే. నాకు నవ్వే జేబే ఎక్కువ నచ్చింది.

మీరు అనుకుంటున్నట్టు పాతకాలం కౌబాయ్‌లు ఇలాంటివి వేసుకోలేదు. 1870, 80లలో పశువుల మందలు తోలినవాళ్లవి తల మీంచి తొడుక్కునే సాదా చొక్కాలు. నూలువో ఉన్నివో, చాలావాటికి కాలర్ కూడా ఉండేది కాదు. పూలూ పైపింగులూ తర్వాత వచ్చాయి. 1883లో బఫెలో బిల్ తన వైల్డ్ వెస్ట్ ప్రదర్శన మొదలుపెట్టాడు. ఆ తర్వాత రోడియో పందేలూ, పాటలు పాడే కౌబాయ్‌ల సినిమాలూ వచ్చాయి. దూరంగా కూర్చున్న జనానికి కనిపించాలంటే చొక్కా మెరవాలి కదా. మొదట కౌబాయ్‌లకు పశువుల పని, గుర్రపు స్వారీ నేర్పింది వాకెరోలు అనే మెక్సికో పశువుల కాపరులు. వాళ్ల పండగ బట్టల మీది కుట్టుపని కూడా ఈ చొక్కాల్లోకి వచ్చింది.

ఈ చొక్కాలకు రూపం ఇచ్చిన పెద్ద దర్జీలు చాలామంది అమెరికాలో పుట్టినవాళ్లు కారు. రోడియో బెన్ పోలండ్‌లో పుట్టి ఫిలడెల్ఫియాలో కొట్టు పెట్టాడు. 1947లో రాంగ్లర్ జీన్స్‌ను రూపొందించిందీ ఆయనే. నూడీ కోన్ 1902లో కీవ్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరి, చివరికి హాలీవుడ్‌లో కుట్టాడు. రాళ్లు పొదిగిన సూట్లు ఆయన పేరుతోనే నిలిచిపోయాయి. 1957లో గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ వేసుకున్న బంగారు రంగు సూట్ ఆయన కొట్లోదే. ఆయన దగ్గర పనిచేసిన మాన్యుయెల్ క్వేవాస్ మెక్సికోవాడు. ఈ దేశానికి గుర్తుగా నిలిచిన చొక్కాను బయటి నుంచి వచ్చిన దర్జీలు తీర్చిదిద్దారని తెలిసి నాకు చాలా గర్వంగా అనిపించింది. దర్జీ కొట్లో పుట్టిన మీకూ తెలియాలి.

గుడ్డ దగ్గరికొద్దాం. నేను వేసుకున్నది రేయాన్ గాబర్డీన్. గాబర్డీన్‌ను 1879లో ఇంగ్లండ్‌లో థామస్ బర్బెరీ తయారుచేశాడు. మామూలు నేతలో అడ్డంగా వెళ్లే పేక దారం, నిలువుగా ఉండే పడుగు దారం మీద ఒకసారి, కింద ఒకసారి వెళుతుంది. ట్విల్ నేతలో ఆ దాటు వరసకో దారం చొప్పున జరుగుతుంది కాబట్టి గుడ్డ మీద ఏటవాలు గీతలు పడతాయి. గాబర్డీన్‌లో ఆ గీతలు మరీ నిటారుగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. అసలు ఉన్నితో నేసేవారు, 1940, 50లలో చొక్కాలకు రేయాన్‌తో బాగా నేశారు. చేతికి జారిపోయేలా బరువుగా వేలాడుతుంది, అందుకే వీడియోలో మీకు మెరిసింది. రేయాన్‌కు ఒక బలహీనత ఉంది. తడిస్తే దాని బలం సగానికి దగ్గరగా పడిపోతుంది. దాన్ని బండకేసి బాదకూడదు, పిండకూడదు. మీ అమ్మ వాషింగ్ మిషన్లో వేస్తానంటే వద్దని చెప్పండి.

డెనిమ్ కూడా ట్విల్లే. పడుగు నీలం, పేక తెలుపు. అందుకే జీన్స్ ప్యాంటు బయట నీలంగా, లోపల తెల్లగా ఉంటుంది. చాంబ్రే కూడా నీలం పడుగు, తెల్ల పేకే, కానీ సాదా నేత. కాబట్టి రెండు వైపులా ఒకేలా, ఆకాశం రంగులో, తేలిగ్గా ఉంటుంది. ప్యాంటు డెనిమ్ చదరపు గజానికి 12, 14 ఔన్సులుంటే, చొక్కా డెనిమ్ 6, 8 ఉంటుంది. చాంబ్రే 4, 5 ఔన్సులే. మన ఎండలకు చాంబ్రేని మించింది లేదు. తర్వాత పాలిస్టర్ కలిపిన గుడ్డలు వచ్చాయి. ఇస్త్రీ అక్కర్లేదు, కానీ చెమట పీల్చవు, నాకు నచ్చవు.

మన వైపు నుంచి ఈ బట్టల్లోకి వెళ్లినవి కూడా ఉన్నాయి. పాత కౌబాయ్‌ల నూలు చొక్కాల గుడ్డను కాలికో అనేవారు, ఆ పేరు కాలికట్‌ది, అదే కోజికోడ్. మెడకు చుట్టుకునే బండానా పేరు మన బంధని అద్దకానికి చుట్టం. డెనిమ్‌కు నీలం ఇచ్చిన నీలిమందు ఒకప్పుడు మన కడప జిల్లాలో విరివిగా పండేది, 1897లో జర్మనీలో రసాయన నీలం అమ్మకానికొచ్చాక ఆ సాగు పడిపోయింది. మన చీరాల గళ్ల రుమాళ్లు సముద్రం దాటి ఆఫ్రికా దాకా వెళ్లిన సంగతి మీకు చెప్పే ఉన్నాను.

ఇక అసలు పని. పెద్దమ్మ నాకు మిషన్ కొనిపెట్టింది. చాంబ్రే కొన్నాను, కుంచించుకుపోకుండా ముందే నీళ్లలో నానబెట్టి ఆరేశాను. మీ ఇద్దరికీ చెరొకటి కుడతాను. లాస్యకు నవ్వే జేబులు ఖాయం. చరణ్‌కు ఏది కావాలో చెప్పమనండి. కొలతలు పంపండి, కానీ చేయి పొడవు నిలబడి కొలవొద్దు. కళ్లెం పట్టుకుని చేతులు ముందుకు చాచినప్పుడు మణికట్టు బయటపడకూడదని ఈ చొక్కాకు చేతులు కాస్త పొడుగ్గా పెడతారు. అందుకని చరణ్‌ను సైకిలెక్కి హ్యాండిల్ పట్టుకోమను, లాస్యా. మెడ వెనక మధ్య ఎముక దగ్గర టేపు పెట్టి, భుజం మీదుగా, మోచేతి వంపు చుట్టూ తిప్పి మణికట్టు దాకా కొలువు. టేపు బిగించొద్దు.

ఇట్లు,
మీ తాతయ్య