గ్రామసభలో ఎత్తిన చెయ్యి, కాగితం మీద రాసిన అభ్యంతరం: భూవినియోగ మార్పుపై అపోహలు - వాస్తవాలు

పొలాలను వాణిజ్య జోన్‌లోకి మారుస్తారన్న కబురు ఊళ్లోకి రాగానే మొట్టమొదట వినిపించే మాట “ఓటింగు పెట్టండి, ఊరు ఏమంటే అదే” అన్నది. నెల్లూరు, కావలి కోర్టుల్లో భూమి కేసులు చూసే న్యాయవాదిగా ఈ మాటను చాలా ఊళ్లలో విన్నాను. తమ ఊరి నేల ఏమి కావాలో తామే తేల్చుకోవాలన్న కోరిక న్యాయమైనదే. కానీ చట్టం మన మాటను ఎక్కడ వింటుందో తెలియక తలుపు మూసుకున్న తర్వాత వచ్చే రైతులను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

అపోహ: గ్రామసభలో ఎక్కువమంది వద్దంటే జోన్ మారదు.

వాస్తవం: భూవినియోగ మార్పుపై ఊళ్లో ప్రజాభిప్రాయ ఓటింగు జరిపి, ఆ ఫలితానికే కట్టుబడాలని చెప్పే నిబంధన మన రాష్ట్రంలో లేదు. గ్రామసభకు రాజ్యాంగంలోని 243ఎ అధికరణంలోనూ, 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంలోనూ స్థానం ఉంది. అయితే పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి వచ్చిన ఊళ్లలో ఏ సర్వే నంబరు వ్యవసాయ జోన్, ఏది వాణిజ్య జోన్ అన్నది 2016 నాటి పట్టణాభివృద్ధి సంస్థల చట్టం కింద తయారయ్యే మాస్టర్ ప్లాన్ నిర్ణయిస్తుంది. నెల్లూరుకు 2017లోనూ, ఒంగోలుకు 2019లోనూ ఇలాంటి సంస్థలు వచ్చాయి. ఊరికి సర్పంచి ఉన్నా, జోన్ మార్చే కలం పంచాయతీ చేతిలో ఉండదు.

దేశంలో ఓటింగు జరగనే లేదా అని అడుగుతారు. 2008 సెప్టెంబరులో మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లాలో ప్రత్యేక ఆర్థిక మండలి కోసం భూసేకరణపై 22 గ్రామాల రైతుల అభిప్రాయాన్ని కలెక్టరు ఓటింగు ద్వారా సేకరించారు. అది ప్రభుత్వం అభిప్రాయం తెలుసుకోవడానికి పెట్టినదే తప్ప, ఫలితానికి కట్టుబడాలని చట్టం చెప్పినందువల్ల పెట్టినది కాదు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు మేరకు ఒడిశాలోని నియమగిరి కొండల్లో 12 గ్రామసభలు జరిగి, అన్నీ బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి. అక్కడ గ్రామసభ మాటకు బలాన్నిచ్చింది అటవీ హక్కుల చట్టం. పెన్నా డెల్టా మాగాణికి ఆ చట్టం వర్తించదు కాబట్టి, నియమగిరిని చూపి మనకూ అదే జరుగుతుందని చెప్పడం రైతును తప్పుదోవ పట్టించడమే అవుతుంది.

మన ఊరికి నిజంగా అక్కరకు వచ్చేది జోన్ మార్పు నోటిఫికేషన్‌లో అభ్యంతరాలు చెప్పడానికి ఇచ్చే గడువు. కొడవలూరు వైపు ఒక ఊరి నుంచి ఒక పెద్దాయన పంచాయతీ మినిట్స్ పుస్తకం నకలు పట్టుకుని వచ్చారు. రెండు పేజీల నిండా సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. తీర్మానం ఉండవలసిన చోట మాత్రం “పై విషయము చర్చించడమైనది” అన్న ఒక్క వాక్యమే ఉంది. సర్వే నంబరు లేదు, ఎవరు ఎందుకు వద్దన్నారో లేదు. అభ్యంతరాల గడువు అప్పటికి నాలుగు రోజుల కిందటే ముగిసింది. “ఊరంతా చేతులెత్తినాం గదా సార్, అది లెక్కలేదా?” అని ఆయన అడిగారు. ఆ సభ నిజంగానే జరిగింది, ఊరు నిజంగానే వద్దన్నది, అయినా దస్త్రంలో ఆ మాట ఎక్కడా లేదు.

అందుకే నేను ప్రతి రైతునూ విడిగా అభ్యంతరం రాయమంటాను. సబ్‌డివిజన్‌తో సహా సర్వే నంబరు, సెంట్లలో విస్తీర్ణం, నీరందించే కాలువ పేరు, ఏ కారులో ఏ పంట వేస్తారు, మురుగు ఎటు పోతుంది అన్నవి రాసి, ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు జతచేసి గడువులోపల ఇచ్చి, తేదీతో రసీదు ముద్ర వేయించుకోవాలి. గ్రామసభ తీర్మానం చేస్తే దాన్నీ జతపరచండి, అది అభ్యంతరానికి బలమవుతుంది. ఇచ్చిన అభ్యంతరాన్ని పరిశీలించకుండానే ఉత్తర్వు ఇస్తే హైకోర్టులో అడగడానికి ఆ రసీదే ఆధారం.

అపోహ: నాలా (సాగుభూమిని ఇతర అవసరాలకు మార్చడానికి తీసుకునే అనుమతి) పోయింది, ఇక ఎవరి పొలంలో వారు ఏమైనా కట్టుకోవచ్చు.

వాస్తవం: 2006 నాటి వ్యవసాయ భూమి మార్పిడి చట్టాన్ని రద్దు చేసే బిల్లును శాసనసభ 2025లో ఆమోదించింది. దానివల్ల పోయేది రెవెన్యూ శాఖ దగ్గర తీసుకునే మార్పిడి అనుమతి మాత్రమే. మాస్టర్ ప్లాన్‌లోని జోన్, లేఅవుట్ అనుమతి, భవన అనుమతి యథాతథంగా ఉంటాయి.

అపోహ: 80 శాతం మంది ఒప్పుకోకుంటే ఏ ప్రాజెక్టూ రాదు.

వాస్తవం: ఈ లెక్క 2013 భూసేకరణ చట్టంలోనిది. ప్రైవేటు కంపెనీ కోసం ప్రభుత్వం భూమి సేకరిస్తే ప్రభావిత కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం సమ్మతి కావాలని అది చెబుతుంది. పట్టాదారు తన పొలాన్ని తానే అమ్ముకున్నప్పుడు గానీ, జోన్ మార్పు కోరినప్పుడు గానీ ఈ శాతాలకు పని లేదు. పైగా 2018లో రాష్ట్రం తెచ్చిన సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా (సేకరణ వల్ల జనానికి ఏమవుతుందో ముందే చూసే పరిశీలన) నుంచి మినహాయించే వీలు కల్పించింది. ఉలవపాడు మండలం కరేడులో 2025లో సౌర పరిశ్రమ కోసం తలపెట్టిన భూసేకరణను రైతులు గ్రామసభలో వ్యతిరేకించినప్పుడు రాష్ట్రమంతటా చర్చ జరిగింది. ఆ ఐక్యత విలువ గొప్పది. అయితే అది భూసేకరణ వ్యవహారం, జోన్ మార్పుకు దారి వేరు.

అపోహ: వాణిజ్య జోన్‌లో పడితే రైతుకు లాభమే.

వాస్తవం: ధర పెరగవచ్చు, కాదనను. కానీ ఎకరాల్లో ఉన్న మార్కెట్ విలువ గజాల్లోకి మారితే, బిడ్డకు పొలం రాసివ్వాలన్నా రిజిస్ట్రేషన్ ఖర్చు పెరుగుతుంది. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మకంపై మూలధన లాభాల పన్ను ఉండదు. పట్టణ జనాభా లక్షకు మించి పది లక్షల లోపు ఉంటే, పట్టణ సరిహద్దు నుంచి సరళరేఖలో 6 కిలోమీటర్లు దాటిన సాగుభూమికి ఈ మినహాయింపు వర్తిస్తుంది. భూమి సాగు మానేసి ప్లాట్లయ్యాక ఆ మినహాయింపు నిలబెట్టుకోవడం కష్టం. అమ్మకముందే లెక్క చూపించుకోండి.

అపోహ: పక్కవాడి పొలం మారితే నాకేమి నష్టం?

వాస్తవం: అన్నింటికంటే ఎక్కువ కేసులు నేను చూసేది ఇక్కడే. మన జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరు వరదలో పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది. అలాంటి నేలలో ఎగువ పొలాన్ని నాలుగడుగుల గ్రావెల్‌తో మెరక చేస్తే, దిగువ పొలానికి నీరు పారదు, పై నీరు మాత్రం వచ్చి నిలుస్తుంది. జోన్ ఏదైనా, పంట కాలువనూ, మురుగు కాలువనూ, చెరువు పోరంబోకునూ పూడ్చే హక్కు ఏ పట్టాదారుకూ లేదు.

కోవూరు వైపు నేను చూస్తున్న ఒక కేసులో, ఎఫ్ఎంబీలో స్పష్టంగా ఉన్న మురుగు కాలువ లేఅవుట్ నక్షాలో కనబడదు. కాలువ ఉండవలసిన చోట ఇప్పుడు ముప్పై అడుగుల రోడ్డు ఉంది. దిగువన ఎకరా ఇరవై సెంట్ల రైతు మూడేళ్లుగా నారు కుళ్లిపోతే మళ్లీ పోసుకుంటున్నారు. ఆ లేఅవుట్‌పై నోటీసు పంచాయతీ గోడకు అంటించిన వారంలోనే ఎఫ్ఎంబీ నకలు, నక్షా పక్కపక్కన పెట్టి ఎవరైనా ఒక్క పేజీ రాసి ఇచ్చి ఉంటే, ఆ కాలువ అనుమతి దశలోనే బయటపడేది. ఇప్పుడు అదే కాలువ కోసం సర్వేయరును పంపాలని, గొలుసు వేసి కొలిపించాలని కోర్టులో అర్జీ పెట్టి వాయిదాల కోసం ఎదురుచూస్తున్నాం.